ఎదుటి కారుకి ఇన్స్యూరెన్స్ లేకపోతే? టెక్సాస్‌లో యూఎం కవరేజ్ తీసుకోవడం, అవసరమైనప్పుడు వాడుకోవడం ఎలా

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మీ కారుని వెనకనుంచి ఎవరో గుద్దారు. తప్పు పూర్తిగా వాళ్ళదే. పోలీసు వచ్చి అదే రాసుకున్నాడు. కానీ వాళ్ళకి ఇన్స్యూరెన్స్ లేదు, లేదా ఉన్నా చట్టం అడిగిన కనీస మొత్తానికే ఉంది. ఇప్పుడు మీ ఆసుపత్రి బిల్లు, కారు రిపేరు, ఆఫీసుకి వెళ్ళలేకపోయిన రోజుల జీతం ఎవరిస్తారు? దీనికి జవాబు మీరు పాలసీ కొన్న రోజునే తేలిపోయి ఉంటుంది. ఆ రోజు మీ ముందుకు వచ్చిన ఒక కాగితం మీద మీరు సంతకం పెట్టారా లేదా అన్నదే అసలు సంగతి.

ఆ కవరేజ్ పేరు అన్‌ఇన్స్యూర్డ్, అండర్‌ఇన్స్యూర్డ్ మోటరిస్ట్ కవరేజ్. అంటే ఇన్స్యూరెన్స్ అసలు లేని, లేదా ఉన్నది సరిపోని డ్రైవర్ గుద్దినప్పుడు పనికొచ్చేది. పొట్టిగా యూఎం అంటారు. ఎదుటివాడు ఇవ్వాల్సిన డబ్బు అతని దగ్గర లేకపోతే, మీ కంపెనీయే మీ పాలసీ పరిమితి వరకు ఇస్తుంది. నేనుండేది డల్లాస్ పక్కన కాబట్టి టెక్సాస్ నియమాల ప్రకారం రాస్తున్నాను. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళ కోసం మధ్యలో ఒక భాగం ఉంది.

మనవాళ్ళు ఈ విషయంలో పొరబడటానికి ఒక కారణం కనిపిస్తుంది. ఇండియాలో థర్డ్ పార్టీ పాలసీ ఉన్న బండి గుద్దితే, ప్రాణనష్టానికీ గాయాలకీ ట్రిబ్యునల్ ఎంత పరిహారం ఇమ్మంటే కంపెనీ అంతా ఇవ్వాలి, దానికి ఇంతే అని హద్దు లేదు. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చి "అవతలివాడికి ఇన్స్యూరెన్స్ ఉందిగా, వాళ్ళే చూసుకుంటారు" అనుకుంటాం. ఇక్కడ ప్రతి పాలసీకీ ఒక అంకె ఉంటుంది. ఆ అంకె దాటాక కంపెనీ చేతులు దులుపుకుంటుంది. మిగిలింది ఆ డ్రైవర్ సొంత ఆస్తి నుంచి రాబట్టుకోవాలి. కనీస పాలసీతో తిరిగేవాడి దగ్గర సాధారణంగా అంత ఆస్తి ఉండదు.

టెక్సాస్‌లో ఆ కనీస అంకెని 30/60/25 అంటారు. గాయపడిన ఒక్కో మనిషికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000, ఎదుటివాళ్ళ వాహనాలకీ ఆస్తికీ కలిపి 25,000. అంబులెన్స్, ఎమర్జెన్సీ, ఒక సర్జరీ, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉండటం అంటే 30,000 ఎంత త్వరగా కరిగిపోతుందో ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఇక అసలు పాలసీయే లేనివాళ్ళు ఎంతమంది అంటారా? ఇన్స్యూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ అంచనా ప్రకారం 2019లో అమెరికా మొత్తం మీద 12.6 శాతం, అంటే ఎనిమిది మంది డ్రైవర్లలో ఒకరు.

మొదటి పని: డెక్ పేజీ తెరవండి

మీ కంపెనీ యాప్‌లోగానీ వెబ్‌సైట్‌లోగానీ పాలసీ డాక్యుమెంట్లలోకి వెళ్ళి డెక్లరేషన్స్ పేజీ (ఏ కవరేజ్ ఎంత ఉందో చూపే పేజీ, పొట్టిగా డెక్ పేజీ) డౌన్‌లోడ్ చేసుకోండి. కారులో పెట్టుకునే ఇన్స్యూరెన్స్ కార్డు దీనికి సరిపోదు, దాని మీద ఈ వివరాలుండవు. డెక్ పేజీలో ఒక్కో కవరేజ్‌కి ఒక్కో వరస ఉంటుంది. చాలామంది కొత్తవాళ్ళ పేజీ ఇలా కనిపిస్తుంది:

బాడిలీ ఇంజరీ లయబిలిటీ: 30,000 / 60,000
ప్రాపర్టీ డ్యామేజ్ లయబిలిటీ: 25,000
పర్సనల్ ఇంజరీ ప్రొటెక్షన్: రిజెక్టెడ్
అన్‌ఇన్స్యూర్డ్, అండర్‌ఇన్స్యూర్డ్ మోటరిస్ట్ బాడిలీ ఇంజరీ: రిజెక్టెడ్
అన్‌ఇన్స్యూర్డ్, అండర్‌ఇన్స్యూర్డ్ మోటరిస్ట్ ప్రాపర్టీ డ్యామేజ్: రిజెక్టెడ్
కొలిజన్: 1,000 డిడక్టిబుల్
కాంప్రహెన్సివ్: 1,000 డిడక్టిబుల్

ఈ పేజీ ఉన్నవాళ్ళని అడిగితే "నాది ఫుల్ కవరేజ్ అండీ" అంటారు. కారు లోన్ ఇచ్చిన బ్యాంకు అడిగిన కొలిజన్, కాంప్రహెన్సివ్ ఉన్నాయి కాబట్టి వాళ్ళు అలా అనుకోవడం సహజమే. కానీ పైన ఉన్న మొదటి రెండు వరసలూ మీరు ఇంకొకరికి చేసిన నష్టం కోసం. చివరి రెండూ మీ కారు రేకుల కోసం, అక్కడున్న డిడక్టిబుల్ అంటే ఆ ఖర్చులో ముందుగా మీరు పెట్టుకోవాల్సిన మొత్తం. కారులో కూర్చున్న మీ కోసం, మీ పిల్లల కోసం ఉండాల్సిన వరసల్లో "రిజెక్టెడ్" అని ఉంది. పేజీలో ఆ పదమే వెతకండి.

అది ఎవరు రిజెక్ట్ చేశారు? మీరే. టెక్సాస్ చట్టం ప్రకారం ప్రతి కంపెనీ యూఎం, పిప్ (పై పేజీలోని పర్సనల్ ఇంజరీ ప్రొటెక్షన్) రెండూ మీకు ఇవ్వజూపాలి, వద్దంటే మీరు రాతపూర్వకంగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో పాలసీ కొనేటప్పుడు వరసగా వచ్చే ఈ-సంతకాల్లో ఇదొకటి. ప్రీమియం తక్కువగా చూపించడానికి ఈ కవరేజ్‌లు ముందే తీసేసిన కొటేషన్ మీద మీరు చకచకా సంతకాలు పెట్టేసి ఉంటారు. ఒకసారి వద్దన్నాక అదే కంపెనీలో రెన్యువల్ చేసినప్పుడల్లా మళ్ళీ అడగాల్సిన బాధ్యత కంపెనీకి లేదు. మీరే రాసి అడగాలి. అందుకే స్టూడెంట్‌గా వచ్చినప్పుడు పాత కారుకి తీసుకున్న పాలసీలోని ఆ సంతకం, ఉద్యోగం వచ్చి, పెళ్ళై, పిల్లలు పుట్టాక కూడా అలాగే కొనసాగుతుంటుంది.

మీరు రాతపూర్వకంగా వద్దనకపోతే ఆ కవరేజ్ ఉన్నట్టే లెక్క. అందుకని ప్రమాదం తర్వాత "మీకు యూఎం లేదు" అని కంపెనీ అంటే, మీ సంతకం ఉన్న రిజెక్షన్ ఫారం కాపీ పంపమని అడగండి.

రెండో పని: అంకె ఎంత పెట్టాలి

యూఎం పరిమితి మీ లయబిలిటీ పరిమితిని దాటి ఇవ్వరు. కాబట్టి ముందు లయబిలిటీ పెంచాలి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఉద్యోగం, కుటుంబం ఉన్నవాళ్ళు 100/300/100 కంటే తక్కువ పెట్టకండి, వీలైతే 250/500/100. యూఎం కూడా అదే స్థాయిలో తీసుకోండి. కంపెనీకి ఫోన్ చేసి రెండు కొటేషన్లు అడగండి, ఒకటి యూఎం 30/60తో, ఇంకోటి 100/300తో. నెలకి పడే తేడా మీ కళ్ళతో మీరే చూసుకోండి. బడ్జెట్ టెన్షన్ ఉంటే కొలిజన్ డిడక్టిబుల్ 500 నుంచి 1,000కి పెంచి, మిగిలిన డబ్బు ఇటు పెట్టండి. బంపర్‌కి ఇంకో 500 మన జేబులోంచి పెట్టుకోగలం, వెన్నెముక సర్జరీకి పెట్టుకోలేం.

ఈ అంకెలు ఎలా పనిచేస్తాయో ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ప్రమాదంలో మీకు జరిగిన నష్టం, అంటే వైద్యం, పోయిన జీతం, నొప్పికి పరిహారం అన్నీ కలిపి 1,10,000 డాలర్లు. ఎదుటివాడిది కనీస పాలసీ, వాళ్ళ కంపెనీ 30,000 ఇచ్చింది. ఇంకా 80,000 మిగిలింది. మీ యూఎం 100/300 అయితే ఆ 80,000 మొత్తం మీ పాలసీలోంచి అడగవచ్చు. 30/60 అయితే 30,000తో ఆగిపోతుంది, 50,000 మీ మీదే పడుతుంది. యూఎం లేకపోతే 80,000 మొత్తం మీ మీదే పడుతుంది. టెక్సాస్‌లో ఎదుటివాళ్ళు ఇచ్చిన డబ్బుని మీ నష్టం లోంచి తీసేస్తారు, మీ యూఎం పరిమితి లోంచి కాదు. ఇది మనకి అనుకూలమైన నియమం.

రెండో అంకె కూడా చూసుకోండి. 30/60లోని 60,000 కారులో ఉన్న అందరికీ కలిపి. మీరిద్దరూ, ఇద్దరు పిల్లలూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మగారూ కూర్చున్న కారుని ఎవరైనా గుద్దితే ఐదుగురూ అదే 60,000 పంచుకోవాలి.

కారు నష్టానికి యూఎం ప్రాపర్టీ డ్యామేజ్ వేరే వరస. దీనికి టెక్సాస్‌లో డిడక్టిబుల్ 250 డాలర్లే. రిపేరుతో పాటు అద్దె కారుకీ, కారులో పాడైపోయిన సామాన్లకీ కూడా ఇది ఇస్తుంది. కొలిజన్ ఉంది కదా ఇదెందుకు అనుకోవచ్చు. కొలిజన్‌లో మీ 1,000 డిడక్టిబుల్ పోతుంది. అద్దె కారు కవరేజ్ విడిగా కొనకపోతే అదీ మీ ఖర్చే. పాత కారుకి కొలిజన్ తీసేసిన వాళ్ళకైతే ఇది తప్పకుండా ఉండాలి.

పిప్‌ని కూడా వదులుకోకండి. తప్పెవరిదైనా సరే మీకూ, మీ కారులో ఉన్నవాళ్ళకీ వైద్య ఖర్చు, పోయిన ఆదాయంలో 80 శాతం వరకు దాని పరిమితికి లోబడి వెంటనే ఇస్తారు. 2,500 డాలర్ల నుంచి మొదలవుతుంది, ఎక్కువ కూడా తీసుకోవచ్చు. యూఎం డబ్బు రావడానికి నెలలు పట్టినా మొదటి బిల్లులకి పిప్ ఆదుకుంటుంది.

అంబ్రెల్లా పాలసీ (మామూలు లయబిలిటీ పరిమితి దాటాక అదనంగా ఇచ్చే పాలసీ) ఉన్నవాళ్ళకి ఒకమాట: అది మామూలుగా మీరు ఇతరులకి చేసిన నష్టం కోసమే. అందులో యూఎం విడిగా చేర్చితే తప్ప రాదు. అడగండి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు

ఆరు నెలలు ఉండటానికి వచ్చిన తల్లిదండ్రులు మీ కారులో ప్రయాణిస్తుండగా ప్రమాదం జరిగితే మీ యూఎం, పిప్ వాళ్ళకీ వర్తిస్తాయి, ఎందుకంటే మీ కారులో కూర్చున్న ఎవరైనా కవర్ అయిన మనిషే. విజిటర్ వీసా దీనికి అడ్డు కాదు. చాలామంది కొనే ఫిక్స్‌డ్ బెనిఫిట్ విజిటర్ ఇన్స్యూరెన్స్ ఒక్కో చికిత్సకి ఇంతే అని కొద్ది మొత్తమే ఇస్తుంది కాబట్టి, పెద్దవాళ్ళు వచ్చే ముందు యూఎం పెంచడం చాలా అవసరం.

పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళిన నాన్నగారిని కారు గుద్దితే సంగతి వేరు. నడుస్తున్నప్పుడు కూడా యూఎం వర్తించేది మీకూ, మీ ఇంట్లో నివసించే కుటుంబసభ్యులకీ. కొన్ని నెలల కోసం వచ్చినవాళ్ళు "నివసిస్తున్నట్టు" లెక్కా కాదా అనే దగ్గర కంపెనీలు పేచీ పెట్టగలవు. వాళ్ళు రాకముందే మీ కంపెనీకి ఈమెయిల్ పెట్టి జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి. ఫోన్‌లో "కవర్ అవుతుంది సార్" అన్న మాట తర్వాత పనికిరాదు.

రూమ్మేట్ కారులో వెళ్ళే స్టూడెంట్లకి: ముందు ఆ కారు మీద ఉన్న యూఎం, తర్వాత మీకు సొంత పాలసీ ఉంటే దానిలోని యూఎం. ఇద్దరూ రిజెక్ట్ చేసి ఉంటే ఏమీ లేదు.

టెక్సాస్ బయట ఉన్నవాళ్ళకి

కాలిఫోర్నియాలో కనీస పాలసీ 2025 జనవరి 1 నుంచి 30/60/15 అయింది. అక్కడ అండర్‌ఇన్స్యూర్డ్ లెక్క వేరు: ఎదుటివాడి పరిమితిని మీ పరిమితి లోంచి తీసేస్తారు. మీది కూడా 30/60 అయితే తేడా సున్నా, ఏమీ రాదు. అందుకే అక్కడ పెద్ద అంకె తీసుకోవాల్సిందే. జార్జియాలో యూఎం రెండు రకాలు, ఎదుటివాడి డబ్బుకి అదనంగా ఇచ్చేది ఒకటి, ఆ డబ్బుని మీ పరిమితి లోంచి తీసేసి మిగిలింది ఇచ్చేది ఇంకొకటి. అదనంగా ఇచ్చే రకం, అక్కడ దాన్ని యాడ్-ఆన్ అంటారు, అదే అడగండి. ఫ్లోరిడాలో ఎదుటి మనిషికి అయ్యే గాయాలకి లయబిలిటీ కవరేజ్ చాలామంది డ్రైవర్లకి తప్పనిసరే కాదు, కాబట్టి అక్కడ యూఎం లేకుండా బండి తియ్యకండి. వర్జీనియాలో కనీస పాలసీ 2025 నుంచి 50/100/25.

ప్రమాదం జరిగిన చోట

గాయాలుంటే, అనుమానమున్నా, 911కి ఫోన్ చేయండి. బండి కదులుతుంటే హైవే లేన్లలోంచి పక్కకి తీయండి. ఆ తర్వాత "పోలీసులు ఎందుకు బ్రదర్, క్యాష్ ఇచ్చేస్తా" అనే మాట వస్తే ఒప్పుకోకండి. ఇన్స్యూరెన్స్ లేనివాళ్ళు అనే మాట చాలాసార్లు అదే. పోలీసు రిపోర్ట్ లేకపోతే అతనికి పాలసీ లేదనీ, తప్పు అతనిదనీ రుజువు చేయడం మీకు కష్టమవుతుంది.

ఫోటోలు: నంబర్ ప్లేట్, లైసెన్స్, ఇన్స్యూరెన్స్ కార్డు, విండ్‌షీల్డ్ కింద డ్రైవర్ వైపు కనిపించే విన్ నంబర్ (ఒక్కో బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబర్). కార్డు ఉన్నంత మాత్రాన పాలసీ బతికున్నట్టు కాదు. మొదటి నెల కట్టి కార్డు ప్రింట్ తీసుకుని, తర్వాత మానేసేవాళ్ళుంటారు. చుట్టుపక్కల ఆగినవాళ్ళ ఫోన్ నంబర్లు తీసుకోండి. డ్యాష్‌క్యామ్ వీడియో ఉంటే అదే రోజు కాపీ చేసుకోండి, లేకపోతే దాని మీద కొత్తది రికార్డయిపోతుంది.

గుద్ది పారిపోయినవాడి విషయంలో టెక్సాస్‌లో ఒక కఠినమైన నియమం ఉంది. ఎవరో తెలియని ఆ వాహనం మీ కారుకి భౌతికంగా తగిలి ఉంటేనే యూఎం వర్తిస్తుంది. ఐ-35 హైవే మీద ఎవడో అడ్డంగా దూసుకొస్తే తప్పించుకోబోయి మీరు డివైడర్‌కి కొట్టుకున్నారనుకోండి, అతని బండి మీకు తగల్లేదు, నంబర్ కూడా దొరకలేదు. ఆ కేసులో యూఎం లేదు, కొలిజన్, పిప్ ఉంటే అవే దిక్కు. కాబట్టి అతని బండి తగిలి ఉంటే, మీ కారు మీద అంటిన వేరే రంగు, గీత, ఊడి పడిన ముక్క దగ్గరనుంచి ఫోటో తీయండి. రిపేర్‌కి ఇచ్చే ముందే తీయండి. పోలీసుకి కూడా చూపించి రిపోర్ట్‌లో రాయించండి.

ఒంట్లో తేడా అనిపిస్తే అదే రోజో మర్నాడో డాక్టర్‌ని కలవండి. మెడనొప్పి మూడోరోజు పట్టుకోవడం మామూలే, కానీ మూడు వారాల తర్వాత మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్తే కంపెనీ తరఫున క్లెయిమ్ పరిశీలించే అడ్జస్టర్ పట్టుకునే మొదటి పాయింట్ అదే.

క్లెయిమ్

మీ కంపెనీకి వెంటనే చెప్పండి, ఎదుటివాడికి ఇన్స్యూరెన్స్ ఉందని అనిపించినా సరే. క్రాష్ రిపోర్ట్ టెక్సాస్ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో 6 డాలర్లకి దొరుకుతుంది. అసలు పాలసీ లేదని తేలితే నేరుగా యూఎం క్లెయిమ్ నంబర్ అడగండి. కొలిజన్, యూఎం ప్రాపర్టీ రెండూ ఉంటే కారుకి ఏది వాడాలో మీరు ఎంచుకోవచ్చు. 250 డిడక్టిబుల్ ఉన్నదానితో మొదలుపెట్టండి.

ఎదుటివాడికి పాలసీ ఉండి అది సరిపోకపోతే మాత్రం ఇక్కడ జాగ్రత్తగా చదవండి. కొన్నాళ్ళకి అతని కంపెనీ ఫోన్ చేసి "మా పరిమితి 30,000 మొత్తం ఇస్తాం, ఈ రిలీజ్ మీద సంతకం పెట్టండి" అంటుంది. డబ్బు వస్తోందన్న సంతోషంలో పెట్టేయకండి. రిలీజ్ అంటే ఆ డ్రైవర్ మీద ఇక ఏ హక్కూ మిగలదని రాసివ్వడం. మీకు ఇచ్చే డబ్బుని తర్వాత అతని దగ్గర రాబట్టుకునే హక్కు మీ కంపెనీకి ఉంటుంది. వాళ్ళని అడగకుండా మీరు ఆ దారి మూసేస్తే, అదే కారణం చూపి మీ యూఎం క్లెయిమ్‌ని తోసిపుచ్చే షరతు పాలసీలో ఉంటుంది. అందుకని ఈ వరస తప్పకండి. మొదట ఎదుటి కంపెనీ నుంచి వాళ్ళ ఆఫర్, వాళ్ళ డ్రైవర్ డెక్ పేజీ రాతలో తీసుకోండి. అవి రెండూ మీ కంపెనీకి పంపి "ఈ సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుంటున్నారా" అని ఈమెయిల్‌లో అడగండి. ఒప్పుకుంటున్నామని రాతలో వచ్చాకే రిలీజ్ మీద సంతకం. ఆ తర్వాత మిగతా నష్టానికి యూఎం.

సంతకానికి ముందు ఇంకొకటి చూసుకోండి. ప్రమాదం జరిగిన 72 గంటల్లోపు ఆసుపత్రిలో చేరి ఉంటే, ఆ ఆసుపత్రి ఎదుటి కంపెనీ ఇచ్చే డబ్బు మీద లీన్ (అందులోంచి తమ బిల్లు రాబట్టుకునే చట్టపరమైన హక్కు) వేసి ఉండొచ్చు. మీ హెల్త్ ఇన్స్యూరెన్స్ కూడా తాము కట్టింది వెనక్కి ఇమ్మనవచ్చు. ఎవరెవరికి ఎంత పోతుందో తెలియకుండా 30,000 చేతికి వచ్చిందనుకోకండి.

ఇక మీ సొంత కంపెనీ. ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టిన కంపెనీయే యూఎం క్లెయిమ్‌లో ఎదుటి పక్షం స్థానంలోకి వస్తుంది. ఇది చాలామందిని బాధపెడుతుంది, కానీ చట్టం అలాగే ఉంది. 2006లో బ్రేనార్డ్ కేసులో టెక్సాస్ సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఎదుటి డ్రైవర్ తప్పు ఎంత, నష్టం ఎంత అన్నది కోర్టులో తేలేవరకు యూఎం డబ్బు చెల్లించాల్సిన ఒప్పంద బాధ్యత కంపెనీకి రాదు. చిన్న క్లెయిమ్‌లు మాట్లాడుకుని తేలిపోతాయి. గాయాలు పెద్దవైతే, అడ్జస్టర్ నెలల తరబడి "ఇంకో రికార్డు పంపండి" అంటుంటే, లాయర్‌ని కలవండి. మొదటి సంప్రదింపుకి చాలామంది డబ్బు తీసుకోరు, ఫీజు వచ్చినదానిలో మూడో వంతు నుంచి 40 శాతం దాకా ఉంటుంది. కారు రిపేర్ వరకే అయితే లాయర్ అక్కర్లేదు. ఎదుటి డ్రైవర్ మీద దావాకి గడువు రెండేళ్ళు. యూఎంకి అంతకంటే ఎక్కువ సమయం ఉన్నా మీ క్యాలెండర్‌లో రెండేళ్ళనే గుర్తు పెట్టుకోండి.

అడ్జస్టర్‌తో మర్యాదగా మాట్లాడండి, అడిగిన కాగితాలు ఇవ్వండి. సహకరించడం పాలసీ షరతే. ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ "ఇవాళ మీరు చెప్పింది ఇదీ" అని ఒక చిన్న ఈమెయిల్ పంపండి. క్లెయిమ్ అందినట్టు కంపెనీ 15 రోజుల్లో జవాబివ్వాలి. కావలసినవన్నీ అందాక 15 పనిదినాల్లో ఒప్పుకున్నదీ లేనిదీ చెప్పాలి. జవాబే రాకపోతే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్స్యూరెన్స్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. ఖర్చేమీ లేదు, కంపెనీ దానికి జవాబు చెప్పాల్సి ఉంటుంది. మీ పాలసీ నంబర్, క్లెయిమ్ నంబర్, ఆ ఈమెయిళ్ళన్నీ తేదీల వారీగా జతచేయండి.